రిక్వెస్టుకో రేవు

విశాఖపట్నంలో కంటైనర్ అనే మాటకి అర్థం మనిషి ఎటు తిరిగి నిల్చున్నాడన్న దాన్ని బట్టి మారుతుంది. ఆర్కే బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ కేసి చూస్తూ అంటే ఓడలోంచి క్రేను దింపే ఇనప పెట్టె. భీమిలి వైపు తిరిగి రుషికొండ మీది అద్దాల మేడల్ని చూస్తూ అంటే, అడిగిన ఆబ్జెక్టునల్లా తయారుచేసి చేతిలో పెట్టే డిపెండెన్సీ ఇంజెక్షన్ కంటైనర్. రేవులో దిగిన పెట్టెకి నంబరుంటుంది, సీలుంటుంది, యార్డులో ఎక్కువ రోజులు పడుంటే అద్దె కూడా పడుతుంది. కొండ మీది కంటైనర్లకి ఈ బాధలేవీ లేవు. ఎన్ని పుట్టాయో అడిగేవాడు లేడు. క్లౌడ్ బిల్లు వస్తుందంటారు గానీ అది ఫైనాన్స్ వాళ్ళ గొడవ. ఇంతటి ఔదార్యాన్ని గుర్తించి ఒక్క శాలువా కప్పినవాళ్ళు లేకపోవడం వల్ల ఈ నాలుగు మాటలూ రాయాల్సి వస్తోంది.

విషయం తెలియనివారికి కొంచెం నేపథ్యం. మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌లో డేటాబేస్‌తో మాట్లాడే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 2016లో వచ్చింది. దాని కట్టుబడి మన పోర్టు లాంటిదే: అవుటర్ హార్బర్ ఒకటి, ఇన్నర్ హార్బర్ ఒకటి. అవుటర్ హార్బర్ మనది. ప్రోగ్రామ్ ఫైల్లో యాడ్‌డీబీకాంటెక్స్ట్ అని రాసి, మన ఈమెయిల్ సర్వీసునీ బిల్లింగ్ సర్వీసునీ లంగరు వేసేది అక్కడ. ఇన్నర్ హార్బర్ ఫ్రేమ్‌వర్క్ సొంతం. ఏది మారిందో పసిగట్టే ఛేంజ్ డిటెక్టర్, ఏ ఎంటిటీ ఏ స్థితిలో ఉందో రాసుకునే స్టేట్ మేనేజర్, సీషార్ప్ భాషలో రాసిన లింక్ (LINQ) క్వెరీని ఎస్‌క్యూఎల్ చేసే కంపైలర్, సీషార్ప్ డెసిమల్‌కి డేటాబేస్‌లో ఏ టైపు కట్టాలో చూసే టైప్ మ్యాపింగ్ సోర్స్, ఇలా సిబ్బంది మొత్తం అందులోనే కూర్చుంటారు. మొదటి కాంటెక్స్ట్ (డేటాబేస్‌తో ఒక విడత పని నడిపే ఆబ్జెక్టు) పని మొదలెట్టగానే ఫ్రేమ్‌వర్క్ వీళ్ళందరితో తన సొంత కంటైనర్‌ని, అంటే సర్వీస్ ప్రొవైడర్‌ని కట్టుకుని, దాచిపెట్టుకుని, తర్వాత వచ్చే కాంటెక్స్టులన్నిటికీ దాన్నే వాడుతుంది. వాడాలి. అదీ ఉద్దేశం.

లోపలి సిబ్బంది ముఖ్యంగా రెండు రకాలు. బీచ్ రోడ్డు మీద ముంత మసాలా బండి దగ్గర నిలబడ్డవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. బండి ఒకటే, ఉల్లిపాయలు తరిగే కత్తి ఒకటే, కారం డబ్బా ఒకటే. ఒకడొచ్చినా వందమందొచ్చినా అవే. అవి సింగిల్టన్లు. పొట్లం మాత్రం మనిషికొకటి. నిమ్మచెక్క పిండి చేతికిచ్చాక ఆ పొట్లంతో బండికి రుణం తీరిపోతుంది. అది స్కోప్డ్. మోడల్ సోర్స్, టైప్ మ్యాపింగ్ సోర్స్ బండి సామాను. స్టేట్ మేనేజర్, డేటాబేస్ కనెక్షన్ పొట్లాలు. ఒకడు తినేసిన పొట్లంలో ఇంకొకడికి పెట్టడు బండివాడు. మనిషి మనిషికీ కొత్త బండి కొనడు కూడా. ఈ రెండో విషయంలో మన ఇంజనీర్లు అతన్ని ఎప్పుడో దాటిపోయారు.

కొత్త బండి కొనడానికి ఒక్క లైను చాలు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడిచే ప్రాజెక్టు అనుకోండి. ఆర్డర్ స్టేటస్ అనే ఎనమ్‌ని (నిర్ణీత విలువల జాబితాని) డేటాబేస్‌లోని ఎనమ్‌కి ముడిపెట్టాలి. దానికి పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ ఎన్‌పీజీఎస్‌క్యూఎల్ వాళ్ళ డేటా సోర్స్ (కనెక్షన్లు తెచ్చిచ్చే ఆబ్జెక్టు) బిల్డర్ తీసుకుని, మ్యాప్‌ఎనమ్ రాసి, బిల్డ్ పిలిచి, వచ్చిన డేటా సోర్స్‌ని ఆప్షన్లకి అందించాలి. ఆ బిల్డ్ ఎక్కడ పిలవాలి? యాడ్‌డీబీకాంటెక్స్ట్ లాంబ్డా (దానికి అందించే చిన్న ఫంక్షన్) లోపలే పిలిస్తే అంతా ఒకేచోట పొందిగ్గా ఉంటుంది, రివ్యూలో బొటనవేళ్ళు లేస్తాయి. చిన్న సంగతేమిటంటే ఆ లాంబ్డా యాప్ లేచినప్పుడు ఒకసారి నడిచి ఊరుకునే రకం కాదు. ఆప్షన్ల జీవితకాలం మామూలుగా స్కోప్డ్. డేటాబేస్ జోలికి వెళ్ళే ప్రతి రిక్వెస్టుకీ లాంబ్డా మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ కొత్త డేటా సోర్స్ పుడుతుంది.

అప్పుడు ఇన్నర్ హార్బర్ గేటు దగ్గర విచారణ జరుగుతుంది. ఆప్షన్లలోని ప్రతి ఎక్స్‌టెన్షనూ తన హ్యాష్ కోడ్ (పోలికకి వాడే గుర్తు సంఖ్య) చెప్పాలి, ఇప్పటికే ఉన్న సర్వీస్ ప్రొవైడర్‌ని పంచుకోగలదా లేదా అన్నదీ చెప్పాలి. సెన్సిటివ్ డేటా లాగింగ్ స్విచ్, మార్పించిన సర్వీసుల జాబితా, బయటి నుంచి ఇచ్చిన డేటా సోర్స్ ఈ లెక్కలోకి వస్తాయి. కనెక్షన్ స్ట్రింగ్ ఒక్కటీ మారితే ఫర్వాలేదు, యాభై డేటాబేసులకైనా ఒకే రేవు సరిపోతుంది. కానీ మన డేటా సోర్స్ ప్రతిసారీ కొత్త ఆబ్జెక్టు. గేటు దగ్గర గుర్తుపట్టరు. కొత్త రేవు, అంటే కొత్త సర్వీస్ ప్రొవైడర్, తవ్వుతారు. సిబ్బందినంతా మళ్ళీ నియమిస్తారు. టేబుళ్ళ నమూనా కట్టే ఆన్‌మోడల్‌క్రియేటింగ్ మళ్ళీ మొదటి నుంచి నడుస్తుంది, నిన్నటిదాకా కంపైల్ చేసి దాచుకున్న క్వెరీలు కొత్త రేవులో ఒక్కటీ ఉండవు. పాత రేవుని పూడుస్తారా అంటే, లేదు. రేవులన్నీ ఒక స్టాటిక్ డిక్షనరీలో భద్రంగా ఉంటాయి, ప్రాసెస్ చచ్చేదాకా. మెమరీ గ్రాఫ్ కైలాసగిరి రోప్‌వేలా పైకే పోతుంది, దిగే పెట్టె మాత్రం కనపడదు.

ఈ అభివృద్ధిని ఓర్వలేని కొందరు ఇరవై అనే పరిమితి పెట్టారు. ఇరవై సర్వీస్ ప్రొవైడర్లు దాటితే ఒక సందేశం వస్తుంది. ప్రతి కాంటెక్స్ట్‌కీ కొత్త సింగిల్టన్ ఆబ్జెక్టుని లోపలికి తోస్తున్నారేమో చూసుకోండని అందులో స్పష్టంగానే ఉంటుంది. ఒకప్పుడు అది లాగ్‌లో మూలన పడుండే హెచ్చరిక. 3.0 వెర్షన్ నుంచి ఏకంగా ఎక్సెప్షన్ చేశారు. డెవలపర్ సిస్టమ్‌లో ఇది కనిపించడం అరుదు, ఇరవయ్యో రిక్వెస్టు కొట్టేలోపే అతను ఏదో మార్చి యాప్‌ని మళ్ళీ నడుపుతాడు. టెస్టర్ ఉదయం పూట నాలుగు స్క్రీన్లు తిప్పేసరికి పడుతుంది. అప్పుడు మధురవాడలో అయినా హిల్ నంబర్ 3లో అయినా ఒకటే వైద్యం: కాన్ఫిగర్‌వార్నింగ్స్ పిలిచి ఆ సందేశాన్ని ఇగ్నోర్ చేయడం. ఇన్నర్ హార్బర్ కట్టేటప్పుడు ముఖద్వారం దగ్గర అలల పోటు ఆపడానికి రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుకట్టగా వాడారు. మనవాళ్ళు అల జోలికి పోకుండా, అల వస్తోందని కేకేసినవాణ్ణే ముంచారు. ఖర్చు తక్కువ.

ఆ తర్వాతి దృశ్యం కొంచెం దగ్గరగా చూడదగ్గది. ఒక్కో డేటా సోర్స్‌కీ సొంత కనెక్షన్ పూల్ (తెరిచిన కనెక్షన్లు దాచుకునే చోటు) ఉంటుంది. రిక్వెస్టు అయిపోయాక కనెక్షన్ తెగదు, తన పూల్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. ఖాళీగా కూర్చున్న కనెక్షన్‌ని వదిలించుకోవడానికి డిఫాల్ట్ గడువు 300 సెకన్లు. ఈలోగా ఆ పూల్‌ని ఇంకెవరూ వాడరు, ఎందుకంటే తర్వాతి రిక్వెస్టుకి దాని పూల్ దానికుంది. పోస్ట్‌గ్రెస్ మ్యాక్స్ కనెక్షన్లు డిఫాల్టుగా 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి రిజర్వు. మిగిలినవి 97. అంటే ఐదు నిమిషాల్లో 98 మంది లాగిన్ బటన్ నొక్కితే, పోస్ట్‌గ్రెస్ వినయంగా, మిగిలిన చోట్లు సూపర్‌యూజర్‌కి రిజర్వని చెప్పి తలుపేస్తుంది. వెంటనే కాన్ఫరెన్స్ కాల్. డేటాబేస్ చూసుకునే డీబీఏ మీద అందరి చూపూ. మ్యాక్స్ కనెక్షన్లు 500 చేస్తారు. ఇరవై దగ్గర మాట వినని సమస్య 500 దగ్గర ఎందుకు వింటుందన్న ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కదు.

9.0 వెర్షన్‌లో ఆప్షన్ల లోపలే మ్యాప్‌ఎనమ్ రాసుకునే వీలిచ్చి, ఎనమ్ కోసం డేటా సోర్స్ విడిగా కట్టే శ్రమ లేకుండా చేశారు. సంప్రదాయాలు ఇలాగే అంతరిస్తాయి. అయినా మరీ దిగులు పడక్కర్లేదు, వేరే దారులున్నాయి. 7.0లో వచ్చిన, డేటాబేస్ వరసల నుంచి ఆబ్జెక్టులు తయారయ్యేటప్పుడు మధ్యలో చెయ్యి పెట్టే మెటీరియలైజేషన్ ఇంటర్‌సెప్టర్ సింగిల్టన్ రకం. కాంటెక్స్ట్ తన ఆప్షన్లు రాసుకునే ఆన్‌కాన్ఫిగరింగ్‌లో ప్రతిసారీ న్యూ అని రాసి దాన్ని ఇస్తే రేవుల తవ్వకం యథావిధిగా సాగుతుంది. సేవ్‌ఛేంజెస్ ఇంటర్‌సెప్టర్‌తో ఈ ఫలితం రాదు, అది సింగిల్టన్ కాదు. రెండూ ఒకే క్లాసులో కలిపి రాసేవాళ్ళకి మాత్రం వస్తుంది.

ఇక లోపలి సిబ్బందినే మార్చే రీప్లేస్‌సర్వీస్. దీనికి మర్యాదైన వాడకం కూడా ఉంది: కస్టమర్‌కో స్కీమా (డేటాబేస్‌లో విడి అర) ఉన్నచోట మోడల్ క్యాష్ కీ ఫ్యాక్టరీని మార్చి, కీలో స్కీమా పేరు కలుపుతారు. మార్చింది టైపునే కాబట్టి రేవు ఒకటే, మోడళ్ళు మాత్రం స్కీమాకొకటి. మనవాళ్ళకి ఇంత సాదాసీదా పని ఆనదు. ఎస్‌క్యూఎల్ జనరేటర్ కన్‌స్ట్రక్టర్‌లో లాగిన్ అయిన యూజర్ సర్వీసు అడుగుతారు. అది అవుటర్ హార్బర్ సరుకు. ఇన్నర్ హార్బర్ దాన్నెప్పుడూ చూడలేదు, రిజాల్వ్ చేయలేనంటుంది. లోపలి స్కోప్డ్ సర్వీసైతే ఐకరెంట్‌డీబీకాంటెక్స్ట్ అడిగి, మన కాంటెక్స్ట్ మీద పెట్టుకున్న ప్రాపర్టీలోంచి యూజర్ని చదువుకోవచ్చు. సింగిల్టన్‌కి ఆ దారీ లేదు, కారం డబ్బాకి తినేవాడి పేరెందుకు?

కొందరు ఇంకో అడుగు వేసి యూజ్‌ఇంటర్నల్‌సర్వీస్‌ప్రొవైడర్ పిలుస్తారు, అంటే పోర్టు నిర్వహణ మొత్తం తామే తీసుకుంటారు. ఆ క్షణం నుంచి డేటాబేస్ ప్రొవైడర్ సర్వీసుల్ని చేత్తో చేర్చాలి, లేజీ లోడింగ్ ప్రాక్సీలుంటే వాటినీ చేర్చాలి. రీప్లేస్‌సర్వీస్ పిలిస్తే ఎక్సెప్షన్. మొత్తం తీసుకున్న ప్రయోజనమేమిటన్నది డిజైన్ డాక్యుమెంట్‌లో తర్వాతి స్ప్రింట్‌లో రాస్తారు.

నిజంగా కారణం తెలుసుకోవాలన్న దురుద్దేశం ఉన్నవాళ్ళు లాగ్ లెవెల్ డీబగ్‌కి దించితే చాలు. కొత్త సర్వీస్ ప్రొవైడర్ పుట్టినప్పుడు, ఏ సెట్టింగు మారడం వల్ల పాతది పనికిరాలేదో ఫ్రేమ్‌వర్కే ఒక లైను రాసిపెడుతుంది. అంత ఓపిక లేకపోతే ఆన్‌మోడల్‌క్రియేటింగ్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టి రెండు రిక్వెస్టులు కొట్టండి. రెండోసారీ అక్కడ ఆగిందంటే దొంగ దొరికినట్టే. కాంటెక్స్టుల్ని మళ్ళీ మళ్ళీ వాడే యాడ్‌డీబీకాంటెక్స్ట్‌పూల్‌కి మారినా రోగం తగ్గినట్టు కనిపిస్తుంది, అక్కడ ఆప్షన్లు సింగిల్టన్ కాబట్టి లాంబ్డా ఒక్కసారే నడుస్తుంది. చాలామంది వేగం కోసం పూలింగ్ పెట్టామనుకుని, అది తమ ఏ తప్పుని కప్పిపెట్టిందో తెలియకుండానే ప్రమోషన్ తీసుకున్నారు.

"అన్నా, ఆ బిల్డ్ లైను లాంబ్డాలోంచి తీసి రెండు లైన్లు పైన పెట్టేస్తే సరిపోద్ది కదా?" అని ఏ కొత్త కుర్రాడైనా అంటే సీనియర్ గారి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "ప్రొడక్షన్‌లో నడుస్తున్నదాన్ని కెలక్కు నాయనా." నడుస్తున్న మాట వాస్తవమే. సర్వీసుని దానంతటదే రీస్టార్ట్ చేసే షెడ్యూల్ జాబ్ ఒకటి పెట్టారు. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి. స్టీల్ ప్లాంట్ షిఫ్టులతో సరిగ్గా కలిసింది.