కృష్ణమ్మకు షోకాజ్ నోటీసు ఇవ్వాల్సిందే

కృష్ణా జలాల పంపకం ఇన్నేళ్లయినా తేలలేదని ఢిల్లీ నుంచి దర్శి దాకా అందరూ అధికారులనే ఆడిపోసుకుంటున్నారు. ఇది అన్యాయం. కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశాక నాకు అర్థమైంది, ఈ వ్యవహారంలో గడువంటే లెక్కలేని కక్షిదారు ఒక్కరే. సాక్షాత్తూ కృష్ణా నది.

మిగతావాళ్ల క్రమశిక్షణ చూడండి. కృష్ణా నీళ్ల తగాదా తేల్చాల్సిన రెండో ట్రిబ్యునల్ 2004 ఏప్రిల్లో పుట్టింది. 2010 డిసెంబరులో ఒక నివేదిక, 2013 నవంబరులో ఇంకో నివేదిక ఇచ్చింది. 2014లో రాష్ట్రం రెండైంది కాబట్టి విచారణ మళ్లీ మొదలు. 2023 అక్టోబరులో మరికొన్ని అంశాలు జోడించారు. గడువు పొడిగింపు ఉత్తర్వులు మాత్రం సంక్రాంతి వచ్చినట్టు వస్తూనే ఉన్నాయి. ట్రిబ్యునల్ వేసిన ఏడాది పుట్టిన పిల్లాడు ఈపాటికి సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, నీటిపారుదల శాఖ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తుంటాడు.

మొదటిదైన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చిన 811 టీఎంసీల (శతకోటి ఘనపుటడుగుల) నీళ్లలో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని 2015లో ఒక మాట అనుకున్నారు. ఒక్క ఏడాదికే సుమా! ఆ ఏడాదికి ఎన్ని నెలలో పంచాంగకర్తలే చెప్పాలి.

ఇక రెండు రాష్ట్రాల మధ్య నీటి విడుదల చూసే కృష్ణా నదీ యాజమాన్య బోర్డు. దాని ప్రధాన కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలన్నది విభజన చట్టం. బోర్డు హైదరాబాద్‌లో కూర్చుంది. తరలించాలని 2020 అక్టోబరులో కేంద్ర జలశక్తి మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు ఉండే అపెక్స్ కౌన్సిల్ తేల్చాక, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చూపించిన చోటు విశాఖపట్నం. అక్కడ కృష్ణా నీళ్లు చుక్క కూడా పారవు. నవ్వకండి. పెళ్లిచూపుల్లో పెద్దమనిషి రెండు వైపులకీ చుట్టం కాకూడదు. నది మొహమే చూడని ఊళ్లో కూర్చుంటే మొహమాటాలుండవు.

నీళ్లు వదలాలంటే పద్ధతి ఉంది. రెండు రాష్ట్రాలూ ఇన్ని నీళ్లు కావాలని ఇండెంట్ పెట్టాలి. బోర్డు మెంబర్ సెక్రటరీ, రెండు రాష్ట్రాల ఈఎన్‌సీలు (ఇంజనీర్-ఇన్-చీఫ్‌లు) కలిసి త్రిసభ్య కమిటీగా కూర్చోవాలి. ఒకాయన రాకపోతే వాయిదా. ఇద్దరూ వస్తే అభ్యంతరాలు. అవి సమావేశంలో ఏమనుకున్నారో రాసే మినిట్స్‌లో ఎక్కాలి, ఎక్కినవాటి మీద మళ్లీ లేఖలు రావాలి.

సాగర్ కుడికాలువ చివర మా బాబాయికి నాలుగెకరాలుంది. ఓసారి ఫోన్ చేసి అడిగాడు.

"ఏరా, మినిట్స్ రాలేదంటున్నారు, మినిట్స్ అంటే నిమిషాలేగా?"

"అవును బాబాయ్."

"మరి ఇన్ని నెలలు పట్టిందేంట్రా?"

పరిపాలన తెలియని మనిషి. ఆయన నారుమడి అంతకన్నా అజ్ఞాని. నెల దాటితే ముదిరిపోతుంది తప్ప, గడువు పొడిగించమని దరఖాస్తు పెట్టుకోవడం దానికి చేతకాదు.

2023 నవంబరు 30 తెల్లవారుజామున, తెలంగాణలో పోలింగ్ రోజు, సాగర్ డ్యామ్ మీద ఆంధ్రా పోలీసులు 13వ గేటు దాకా వచ్చి ముళ్లకంచె వేశారు. కొందరు దీన్ని గొడవ అన్నారు. నా దృష్టిలో అది అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా కాక కంచెపూర్వకంగా తెలియజేయడం, అంతే.

ఇంత పకడ్బందీ వ్యవస్థను గౌరవించనిది నది ఒక్కటే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగుల నీళ్లు) తెచ్చిపడేసింది. ఎవరు ఇండెంట్ పెట్టారని? ఒక టీఎంసీ అంటే రోజంతా పదకొండున్నర వేల క్యూసెక్కుల పైచిలుకు పారితే వచ్చే నీళ్లు. ఆ ఉధృతే రోజంతా నిలిస్తే దాదాపు 99 టీఎంసీలు! ఏళ్ల తరబడి లేఖలు నడిచిన 299 టీఎంసీలు మూడు రోజుల పని. ఇంతా చేసి ఆ నీళ్లు ఎవరి ఖాతాలో రాయాలో కూడా చెప్పకుండా పోయింది. వరదొచ్చినప్పుడు వాడుకున్న నీళ్లు మా వాటాలో కలపొద్దని ఆంధ్రప్రదేశ్, కలపాల్సిందేనని తెలంగాణ.

అందుకే నా ప్రతిపాదన. కృష్ణవేణి గారికి, ఆవిడ పుట్టిల్లు మహాబలేశ్వరం చిరునామాకు, రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. జూన్ ఒకటి నుంచి మే 31 దాకా ఏ రోజు ఎంత పారదలచుకున్నారో పదిహేను రోజుల్లో, మూడు ప్రతుల్లో సమర్పించాలి. లేదంటే మీకు చెప్పుకునేదేమీ లేదని భావించి ముందుకు వెళ్తాం అని ఆఖర్న ఒక వాక్యం ఉండాలి.

బాబాయికి ఈ ముసాయిదా చదివి వినిపించాను. అంతా విని, "మహాబలేశ్వరం ఎందుకురా, సముద్రంలో కలిసే హంసలదీవికి పంపు. ఉత్తరం చేరేసరికి ఆవిడ ఉండేది అక్కడే" అన్నాడు.