ఈసీ లేని పుష్పక విమానం

"లేదని మీరు నిరూపించగలరా?" అనే ప్రశ్నకు ఈ దేశంలో దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు. ఇంత చవకగా దొరికి, ఇంత దూరం పనిచేసే ఆయుధం వాదనల చరిత్రలోనే మరొకటి లేదు. దీన్ని వాడడానికి ఏదీ చదవనక్కరలేదు, ఎక్కడా వెతకనక్కరలేదు, అంతకు రెండు నిమిషాల ముందు తామేమన్నారో కూడా గుర్తుపెట్టుకోనక్కరలేదు. వేల ఏళ్ల కిందట మనవాళ్లు ఒక గ్రహం నుంచి మరొక గ్రహానికి విమానాల్లో తిరిగేవారని ఒక పెద్దమనిషి సెలవిస్తారు. దానికి ఆధారం ఏమిటండీ అని మనం అడుగుతాం, అదీ వీలైనంత వినయంగా, పేరుకు 'గారు' తగిలించి. ఆయన జాలిగా నవ్వి, "తిరగలేదని మీరు నిరూపించండి" అంటారు. చుట్టూ ఉన్న నలుగురూ తలలు ఊపుతారు. చెప్పినవాడు గెలిచాడు, అడిగినవాడు ఓడాడు, పైగా అడిగినవాడికి అహంకారమని, సంస్కారం లేదని, బహుశా విదేశీ నిధులు కూడా అందుతున్నాయని తీర్పు వెలువడుతుంది.

ఈ మాట అనేవారికి ఆధారం అంటే ఏమిటో తెలియదని మనం పొరబడుతుంటాం. వారికి మనకంటే బాగా తెలుసు. వీరిలో విశ్రాంత ఇంజనీర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, లెక్కల మాస్టార్లున్నారు, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ పరీక్షించి జీతం తీసుకునే కుర్రవాళ్లున్నారు. జీవితమంతా ఓచరు లేనిదే బిల్లు మీద సంతకం పెట్టనివారే వీరంతా. కాబట్టి వీరి తర్కాన్ని విమానాలకూ మూలికలకూ పరిమితం చేయడం అన్యాయమని, దాన్ని ముందుగా స్థిరాస్తి రంగానికి విస్తరించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

మన విశ్రాంత ఇంజనీరుగారు షాద్‌నగర్ దాటాక ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాటు కొనదలచారనుకుందాం. ఆయన సామాన్యులు కారు. బయానా ఇవ్వబోయే ముందు లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, 30 ఏళ్ల ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపే పత్రం, అడుగుతారు, పాత పహాణీల నకళ్లు అడుగుతారు, స్టాంపు కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి నీటిగుర్తు చూస్తారు, స్టాంపు కొన్న తేదీ దస్తావేజు రాసిన తేదీకి ముందుందో వెనకుందో కళ్లజోడు నుదుటి మీదికి తోసి మరీ పరిశీలిస్తారు. ఆయన ఎదుట ఇస్త్రీ నలగని తెల్లచొక్కా యువకుడు కూర్చుని ఉన్నాడు.

"ముందు లింకు డాక్యుమెంట్లు చూపించవయ్యా."

"అవి మా తాతగారికి ధ్యానంలో వచ్చాయి సార్. ఆయన చెబుతూ ఉంటే పక్కనున్నాయన రాసుకున్నాడు. ప్లాను మాత్రం తరువాత తెలిసిన డ్రాఫ్ట్స్‌మన్ చేత గీయించాం."

"ఒరిజినల్స్ ఏవి?"

"జర్మన్లు పట్టుకుపోయారు సార్."

"సరే, సర్వే నంబరెంత?"

"ఈ సర్వేలన్నీ తెల్లవాళ్లు తెచ్చిపెట్టినవి సార్. మన భూమిని వాళ్ల గొలుసుతో కొలుచుకోవడం బానిస మనస్తత్వం కాదా? మీలాంటి పెద్దలే అలా అంటే ఎలా?"

"హద్దురాళ్లయినా ఉన్నాయా?"

"సూక్ష్మరూపంలో ఉన్నాయి సార్. శ్రద్ధ ఉన్నవాళ్లకే కనిపిస్తాయి. పరీక్షిద్దామనే బుద్ధితో చూస్తే కనిపించవు."

"ఈసీ తీయించావా?"

"ఈ ప్లాటు నాది కాదని మీరు నిరూపించండి సార్."

ఇంజనీరుగారు ఎర్రబడతారు. యువకుడు చలించడు. పక్క వెంచర్ వాళ్ల కాగితాలు అడగకుండా తన కాగితాలే ఎందుకు అడుగుతున్నారని, దీని వెనక ఎవరున్నారని నిలదీస్తాడు. ఇప్పటికే వేలమంది బయానా ఇచ్చారని, అంతమందీ తెలివితక్కువవాళ్లా అని అడుగుతాడు. తమ మేనత్త ఈ ప్లాటును తలచుకోగానే మోకాళ్ల నొప్పి తగ్గిందని చెబుతాడు. చివరికి ఫోన్ తీసి ఒక ఉపగ్రహ చిత్రం చూపించి, "నాసా కూడా ఒప్పుకుంది సార్, ఇక్కడ నేల ఉందని" అంటాడు.

ఇంజనీరుగారు చెప్పులు వేసుకుంటారు. ఇలాంటివాణ్ని జైల్లో పెట్టాలంటారు. అది న్యాయమైన మాట. తరువాత కారెక్కి, కాస్త చల్లబడ్డాక, ఫోన్ తీసి, రావణుడికి 24 రకాల విమానాలు ఉండేవన్న సందేశాన్ని పదిమందికి పంపిస్తారు.

ఆ 24 అంకె ఎవరో టీ కొట్టు దగ్గర కల్పించినది కాదని మనవి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద సాక్షాత్తూ మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతిగారు సెలవిచ్చినది. రావణుడికి లంకలో విమానాశ్రయాలు కూడా ఉండేవని, కౌరవులు టెస్ట్‌ట్యూబు శిశువులని, విష్ణుచక్రం గురితప్పని క్షిపణి అని కూడా ఆయన అక్కడే వెల్లడించారు. ఒక ఎంఎస్సీ విద్యార్థి తన ప్రాజెక్టు నివేదికలో ఆధారం చూపకుండా ఒక్క వాక్యం రాస్తే మార్కులు కోసే విశ్వవిద్యాలయానికి అధిపతి ఆయన. విశాఖ విద్యార్థులు ఆ తరువాత తమ గైడ్లకు "కాదని మీరు నిరూపించండి సార్" అని ఎందుకు జవాబివ్వలేదో నాకు అర్థం కాదు. గురుభక్తి లోపించిందనే అనుకోవాలి.

పై సంభాషణలో తాతగారి ధ్యానం నేను హాస్యానికి కల్పించానని కొందరు అనుకోవచ్చు. నాకు అంత ప్రతిభ లేదు. విమానవాదులు పదేపదే చూపించే వైమానిక శాస్త్రం అనే గ్రంథం వంశచరిత్ర అక్షరాలా అదే. సుబ్బరాయశాస్త్రి అనే పండితుడు అది భరద్వాజ మహర్షి నుంచి తనకు అంతర్దృష్టిలో అందిందంటూ 1918–23 మధ్య చెబుతూ ఉంటే మరొకరు రాసుకున్నారు. బొమ్మలను బెంగళూరు ఇంజనీరింగ్ కళాశాలలో పనిచేసే ఒక డ్రాఫ్ట్స్‌మన్ గీశారు. అంతటితో ఊరుకోకుండా 1974లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అయిదుగురు పరిశోధకులు దాన్ని ముందు వేసుకుని కూర్చున్నారు. వాళ్లు వెక్కిరించలేదు. భాష చూశారు, ఛందస్సు చూశారు, బొమ్మలు చూశారు, రుక్మ విమానం, శకున విమానం, సుందర విమానం, త్రిపుర విమానం ఒక్కొక్కటిగా లెక్కగట్టారు. గ్రంథం 1904కు ముందుది కాదన్నారు. ఆ యంత్రాల్లో ఒక్కటీ ఎగరదన్నారు. వాటిని నడిపే సూత్రాలు ఎగరడానికి తోడ్పడకపోగా అడ్డుపడతాయని కూడా తేల్చారు. "లేదని నిరూపించండి" అని సవాలు విసిరేవారికి, వారి సవాలును అప్పుడే ఎవరో స్వీకరించి, ఒళ్లు వంచి పనిచేసి, సమాధానం అచ్చువేశారని చెబితే ఏమవుతుంది? ఏమీ కాదు. 2015 జనవరిలో ముంబై సైన్స్ కాంగ్రెస్‌లో ఒక విశ్రాంత పైలట్‌గారు అవే విమానాలను మళ్లీ ఎగరవేశారు. ఈసారి అవి వెనక్కి కూడా ఎగిరాయి.

నాసా సంగతి కూడా ఇలాగే ఉంటుంది. కంప్యూటర్లకు అత్యుత్తమ భాష సంస్కృతమని నాసా ప్రకటించిందన్న మాట మూలం 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు ఒక కృత్రిమ మేధ పత్రికలో రాసిన వ్యాసం. మన వ్యాకరణ పండితులు వాక్యార్థాన్ని విడదీసి చెప్పే పద్ధతికీ, యంత్రాలకు అర్థం బోధించడానికి అప్పట్లో వాడుతున్న పద్ధతికీ పోలికలున్నాయని అందులో రాశాడు. అది నిజంగా ఆసక్తికరమైన వ్యాసం. చదివితే మన వైయాకరణుల మీద గౌరవం పెరుగుతుంది. అందుకే కాబోలు దాన్ని ఎవరూ చదవరు.

పూర్వుల మీద ఇంత ప్రేమ ఉన్నవారు పూర్వులు వాదన గురించి రాసినది ఒక్క పేజీ అయినా తిరగేసి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. మన ప్రాచీన తర్కగ్రంథమైన న్యాయసూత్రాల అయిదో అధ్యాయంలో 22 నిగ్రహస్థానాలు చెప్పారు. వాదంలో ఫలానా పని చేస్తే ఆ మనిషి ఓడిపోయినట్టే లెక్క అని కట్టిన పట్టిక అది. విమానాలు ఉన్నాయన్నవాడు, ఎదుటివాడు గట్టిగా అడిగేసరికి "నేనన్నది విమానాల భావన ఉందని" అని మాట మారిస్తే అది ప్రతిజ్ఞాంతరం, ఓడిపోయాడు. విమానం గురించి అడిగితే ఆవు గురించి చెబితే అర్థాంతరం, ఓడిపోయాడు. "నాకు పనుంది, మళ్లీ మాట్లాడతా" అని లేచిపోతే విక్షేపం, దానికీ ఓటమే. అన్నిటికంటే నాకు ముద్దొచ్చేది మతానుజ్ఞ. తన మీద మోపిన దోషాన్ని కాదనలేక, "మీ పక్షంలో మాత్రం లేదా?" అని ఎదుటివాడికి అదే అంటగట్టడం. అంటే "చర్చికి వెళ్లి అడగగలరా, మసీదుకు వెళ్లి అడగగలరా?" అన్నమాట. ఆ అస్త్రం వేసిన క్షణంలోనే నువ్వు నీ తప్పు ఒప్పుకున్నట్టని మన నైయాయికులు ఏనాడో తేల్చేశారు. ప్రాచీన భారతీయ విజ్ఞానం అంటే అది.

అయినా అడిగారు కనుక చెబుతాను, అక్కడా అడిగారు. 2012లో ముంబైలో ఒక చర్చి దగ్గర శిలువ వేసిన క్రీస్తు పాదాల నుంచి నీళ్లు కారుతుంటే భక్తులు సీసాల్లో పట్టుకుని తాగారు. సనల్ ఎడమరుకు అనే హేతువాది వెళ్లి చూసి, దగ్గర్లో పూడుకుపోయిన మురుగు కాలువ నీటిని గోడ పీల్చుకుని పైకి పంపుతోందని చూపించాడు. తాగేది మురుగునీరని చెప్పినందుకు కృతజ్ఞతగా ఆయన మీద మతభావాలను గాయపరిచాడని కేసులు పెట్టారు, ఆయన దేశం విడిచి ఫిన్లాండ్ చేరుకున్నాడు. మన ఊళ్లలో స్వస్థత సభల వేదిక మీద చక్రాల కుర్చీలోంచి లేచి పరుగెత్తే మనిషి ముందటి స్కాను, తరువాతి స్కాను పక్కపక్కన పెట్టి చూపించమంటే సౌండ్ సిస్టమ్ వాల్యూమ్ పెరుగుతుంది. పిండోత్పత్తి శాస్త్రమంతా తమ గ్రంథంలో ముందే ఉందనే సోదరులకూ అదే ప్రశ్న: శాస్త్రజ్ఞులు కనిపెట్టక ముందు ఆ వాక్యం చదివి ఎవరైనా కనిపెట్టారా? విమానాలవారూ, స్వస్థత సభలవారూ, పిండోత్పత్తివారూ వేదిక మీద ఒకరినొకరు తిట్టుకుంటారు గాని, వాదనల పుస్తకం ముగ్గురిదీ ఒకటే ముద్రణ.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఎగరని విమానం ఎవరి మీదా కూలదు.

2021 మే నెల గుర్తుందా? ఆసుపత్రుల్లో పడకల్లేవు, సిలిండర్ల కోసం మనుషులు రాత్రంతా ఫోన్లు చేస్తున్నారు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఒకాయన కరోనాకు నాటుమందు ఇస్తున్నారని తెలిసి వేలమంది ఒకరి మీద ఒకరు పడుతూ క్యూ కట్టారు. ఆ క్యూలో నిలబడినవారిని నేనొక్క మాట అనను. ఊపిరి అందనివాడు ఏ కొమ్మ దొరికినా పట్టుకుంటాడు. నా కోపం క్యూలో లేనివారి మీద. ఏసీ గదిలో, రెండు డోసుల టీకా వేయించుకుని, పల్స్ ఆక్సీమీటరు వేలికి తొడుక్కుని, ఆ మందు వీడియోలను రాష్ట్రమంతటికీ పంచినవారి మీద. కంట్లో చుక్కలు వేయగానే ప్రాణం లేచి వచ్చిందని ఒక పెద్దాయన చెప్పిన వీడియోను వీళ్లు లక్షల ఫోన్లకు చేర్చారు. ఆయన కొద్దిరోజులకే నెల్లూరు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ వార్తను వీళ్లలో ఎందరు పంపారు? నాకు మొదటి వీడియో లెక్కలేనన్ని చోట్ల నుంచి వచ్చింది. రెండో వార్త పేపర్లో చదువుకోవలసి వచ్చింది. హాని లేదు గాని, కరోనా తగ్గుతుందనడానికి ఆధారమూ లేదని పరిశీలన తేల్చింది. తక్కిన మందులకు అనుమతిచ్చిన ప్రభుత్వం ఆ కంటిచుక్కలకు మాత్రం ఇవ్వలేదు. అప్పుడు ఆధారం ఏదని అడిగినవాళ్లను ఫార్మా కంపెనీల ఏజెంట్లన్నారు. "ఉచితంగానే ఇస్తున్నాడుగా, మీకేం పోయింది?" అన్నారు. మాకేమీ పోలేదు. పోయినవాళ్లు వచ్చి చెప్పరు. ఎవరు ఆసుపత్రికి వెళ్లవలసిన రెండు రోజులు ఆ క్యూలో పోగొట్టుకున్నారో లెక్క రాసినవారు లేరు, రాయమని అడిగినవారిని బతకనివ్వలేదు.

బతకనివ్వలేదన్నది అన్నిచోట్లా మాటవరసకు కాదు. బాబాల మహిమలకు ఆధారం చూపమని మహారాష్ట్రలో ఊరూరా తిరిగి అడిగిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో పొద్దున్నే నడకకు వెళ్లినప్పుడు వంతెన మీద కాల్చి చంపారు. "కాదని నిరూపించండి" అనే ప్రశ్న కూడా వేయలేదు. దాదాపు పదకొండేళ్ల తరువాత, 2024 మేలో, ప్రత్యేక న్యాయస్థానం ఇద్దరికి యావజ్జీవ శిక్ష వేసి, నేరం రుజువు కాలేదంటూ మరో ముగ్గురిని విడిచిపెట్టింది. ఆ ముగ్గురినీ "మీరు చేయలేదని నిరూపించండి" అని ఏ న్యాయమూర్తీ అడగలేదు, అడగకూడదు కూడా. చేశారన్నవారే చూపించాలి, చూపించలేకపోతే విడిచిపెట్టాలి. దభోల్కర్ బతికున్నంతకాలం బాబాల దగ్గర అడిగింది ఇంతకంటే ఒక్క ముక్క కూడా ఎక్కువ కాదు.