మెక్సికన్ లాన్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ పెరటి లాన్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మామిడిచెట్టు కింద మీరూ కుశలంగా లేరు, మిమ్మల్ని వేయించుకున్న నేనూ లేను.

నిన్న భోజనం చల్లారేదాకా ఎదురుచూడగా నర్సరీ ఆయన వచ్చారు. మీ అంచు పట్టుకుని లాగారు. చాపకు చాప లేచొచ్చింది. అడుగున ఒక్క వేరు మట్టిలోకి దిగలేదు. అంతా బూజు వాసన. "ఎండ చాల్లేదండీ" అన్నారు. వేసిననాడు ఆ చెట్టు అక్కడే ఉంది కదా మహానుభావా! ఆపైన వైద్యం కూడా చెప్పారు. "పై కొమ్మలు నాలుగు కొట్టించేయండి, లాన్ అదే లేస్తుంది."

మా తాతగారు వేసిన బంగినపల్లి కొమ్మలు. తమరి కోసం.

"వేసేసి మర్చిపోండి, పనే ఉండదు" అన్నది కూడా ఈయనే. కొత్తల్లుడికైనా మర్యాదలు పండగ మూడు రోజులే. తమరికి రోజూ నీళ్ళు, అప్పుడప్పుడూ యూరియా, కత్తిరింపు, కలుపుతీత. రాలిన మామిడాకు రెండ్రోజులు మీద పడుంటే కింద పసుపుబారిపోతారు. ఊడుద్దామంటే ఆకుతో పాటు తమరూ చీపురుకొచ్చేస్తారు.

ఇవన్నీ క్షమించేవాణ్ణి. పూత సంగతి మాత్రం క్షమించను.

వానలు వెనకపట్టాక, పూతకి ముందు రెండు మూడు నెలలు మామిడికి నీళ్ళు కట్టరు. ఆ బెట్ట తగిలితేనే కొమ్మ చివర పూమొగ్గ పడుతుంది. తడి తగిలిందా, చెట్టు చిగురుకి పోతుంది. తోటలు కౌలుకి పట్టేవాళ్ళలో ఇది తెలియనివాడు ఉండడు. మరి కార్తీకం, మార్గశిరం తమరి దాహం తీరిందా? పొద్దున పైపు, సాయంత్రం పైపు. సంక్రాంతి దాటేసరికి వీధిలో చెట్లన్నీ పూత మీదున్నాయి, మాది ఎర్రటి లేత చిగుళ్ళేసుకుని పెళ్ళికూతురిలా నిలబడింది. చూసినవాళ్ళంతా "అబ్బ, ఎంత బాగుందో" అనడం ఒకటి! వేసవిలో సొంత చెట్టు కింద కుర్చీ వేసుకుని, బజార్లో కొన్న బంగినపల్లి తిన్నాం. అదీ నువ్వు చేసిన పని. చచ్చేదానివి చావక, కాయ కూడా తినేశావు.

పక్కింటాయన వెడీలియా వేయమంటున్నారు. రోడ్డు డివైడర్ మీద పసుపు పూలు చూసి ముచ్చటపడ్డారు పాపం. కణుపు కణుపుకీ వేరేసుకుంటూ పోయే ఆ తీగ, ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. దాన్ని పెంచడానికి పనేం ఉండదు, ఆపడానికే మనుషుల్ని పెట్టుకోవాలి.

నీడలో బతికేవి లేవా అంటే, నర్సరీల ఊరు కడియం వైపు వెళ్ళి చూడు. మోండో గడ్డి ఉంది, చూడ్డానికి నీలాగే ఉంటుంది, కోత అక్కర్లేదు. సింగోనియం ఉంది. రియో ఉంది, ఆకు పైన పచ్చ, కింద ఊదా. అంతదాకా ఎందుకు, గోడవార పగిలిన కుండీలోంచి మనీప్లాంటు ఎవరూ పిలవకుండానే దిగింది. నీకు పట్టిన నీళ్ళలో ఒక్క చుక్క అడగలేదు. మామిడాకు రాలితే ఆకుల సందులోకి జారి అక్కడే మట్టయిపోతోంది, చీపురుతో పనే లేదు. దాన్ని మాత్రం మొదలెక్కనివ్వకుండా ఏడాదికోసారి కత్తిరించాలి. మా కుక్క నమిలితే నోరు మండుతుంది, ఒకసారి నమిలితే మళ్ళీ దాని జోలికి పోదులే.

రేపు పొద్దున్నే పార తెస్తున్నాను. గేటు దగ్గర, పన్నెండు దాకా ఎండ పడేచోట, నీకు కాస్త జాగా ఇస్తాను. ఎండలో నువ్వు మంచిదానివేనని విన్నాను, బతుకు. నర్సరీ ఆయన ఈసారి కత్తి పట్టుకుని వస్తే, కొమ్మల జోలికి పోవద్దని నువ్వే చెప్పు.

ఇట్లు,
బంగినపల్లి తరఫున,
ఇంటి యజమాని