పన్నీరుబుడ్డి చెమరుస్తోంది

విజయనగరంలో ఒక ప్రదర్శనశాలకు వెళ్లినప్పుడల్లా కడుపు మండిపోతుంది. ఎర్రటి అత్తరు సీసా, పన్నీరుబుడ్డి, లాంతరు చిమ్నీ, అన్నిటికీ ఒకటే చీటీ: ‘గాజు పాత్ర’. ఏ కాలానిదో, ఏ దేశానిదో ఒక్క ముక్క లేదు. గాజులో బంగారం కలిపి ఎరుపు తెప్పించేవారని, ఇంగ్లండులో రావెన్స్‌క్రాఫ్ట్ అనే గాజు తయారీదారు 1674లోనే స్ఫటికంలాంటి గాజుకు పేటెంటు పొంది, తర్వాత అందులో సీసం కలిపాడని రాస్తే పిల్లలు కళ్లప్పగించి చూడరా?

అసలు బాధ అది కాదు. సున్నం తక్కువై, క్షారం ఎక్కువైన పాత గాజు తేమకు చెమర్చి పగుళ్లు బారుతుంది. ఆ పన్నీరుబుడ్డి మెడ చుట్టూ వెంట్రుకవాసి గీతలు, జిగట తడి కళ్లారా చూశాను. చెబితే “తుడిపిస్తాంలెండి” అన్నారు. తుడిస్తే పోయే జబ్బా అది? ముందు ఆ అల్మరాలో తేమ ఎంతుందో కొలవండి!