బలహీనులను ఆదుకున్న సంఘం

కనికరం అంటే ఏమిటో నేర్చుకోవాలంటే దక్షిణాఫ్రికాలో డచ్చి వలసదారులు పెట్టుకున్న డచ్ రిఫార్మ్‌డ్ సంఘం చరిత్ర చదవాలి. బలవంతులు బలహీనుల దౌర్బల్యాలను భరించాలని పౌలు రోమీయులకు రాశాడు కదా, ఆ మాటను ఇంత శ్రద్ధగా, ఇన్ని తరాల పాటు పాటించినవాళ్లు నాకైతే ఇంకెక్కడా కనబడలేదు. బలహీనులెవరు అన్న దగ్గరే కాస్త మెలిక.

1829లో కేప్ సినడ్, అంటే ఆ సంఘపెద్దల మహాసభ, ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే చోట, రంగు తేడా చూడకూడదని తేల్చి చెప్పింది. బాగానే ఉంది. కొన్నేళ్లకు స్టాకెన్‌స్ట్రోమ్ అనే చోట, నల్లవాళ్లు అప్పటికే ఆరాధించుకుంటున్న సంఘంలోకి కొందరు తెల్ల రైతులు వచ్చి చేరారు. చేరీ చేరగానే మాకు బల్ల వేరుగా వేయండి అన్నారు. నిన్నగాక మొన్న అద్దెకు దిగినవాడు ఇంటి ఓనర్‌ని పెరట్లో కూర్చుని తినమన్నట్టు! కానీ సంఘపెద్దలు కసురుకోలేదు. వాళ్లది ప్రేమగల హృదయం. 1857లో సినడ్ కూర్చుని, అన్యజనుల్లోంచి వచ్చిన విశ్వాసులను ఉన్న సంఘాల్లోనే చేర్చుకోవడం మంచిది, వాక్యానుసారం కూడా, అయితే కొందరి బలహీనత వల్ల క్రీస్తు పనికి ఆటంకం కలిగే చోట ఆ అన్యజన విశ్వాసులు, అంటే నల్లవాళ్లు, వేరే భవనంలో ఆరాధించుకోవచ్చు అని తీర్మానించింది.

కొందరి బలహీనత. ఎంత మృదువైన మాటో చూడండి.

ఆ బలహీనుడి అవస్థ ఒక్కసారి ఊహించుకోండి పాపం. ఆదివారం పొద్దున శుభ్రంగా తయారై బల్లారాధనకు వచ్చి కూర్చుంటాడు, గిన్నె చేతులు మారుతూ తన వైపు వస్తుంటుంది, అవతల నల్లాయన పెదవి ఆనించిన చోటే తనూ ఆనించాలి, ఇక చూడండి టెన్షన్, చెమటలు, గుండెదడ. విచిత్రమేమిటంటే ఆ నల్లాయన భార్య చేతి వంట రోజూ తినడానికి, తన పసిబిడ్డను ఆమె ఒళ్లో పడుకోబెట్టడానికి ఈ బలహీనత ఎన్నడూ అడ్డు రాలేదు. వారమంతా గుండ్రాయిలా ఉండి, ఆదివారం గుడి గడప తొక్కగానే మంచాన పడతాడు. అలాంటి రోగిని బయటికి పంపుతామా? ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పంపారు.

కనికరం అక్కడితో ఆగలేదు. 1881లో మిశ్రమజాతి విశ్వాసులకు ప్రత్యేకంగా మిషన్ సంఘం పెట్టారు, ఆ తర్వాత ఆఫ్రికన్లకు వేరేగా, 1968లో భారతీయులకు ఇంకోటి. నాటాల్ చెరకు తోటలకు 1860 నుంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు, అంటే మన రంగుకూ ఒక గుడి కేటాయించారన్నమాట, సంతోషం. 1948లో ప్రభుత్వం అపార్తీడ్‌ను, అంటే రంగును బట్టి మనుషుల్ని వేరుచేయడాన్ని, రాజ్యనీతిగా ప్రకటించేనాటికి సంఘం ఆ పనిలో ఎప్పుడో సీనియర్ అయిపోయింది. వాక్యాధారానికీ లోటు లేదు. దేవుడు ఒక్కడి నుంచే ప్రతి జాతినీ సృష్టించి, వారి నివాసస్థలపు పొలిమేరలు ఏర్పరచాడని అపొస్తలుల కార్యములు 17లో ఉంది. ఆ సంఘ పండితులకు 'ఒక్కడి నుంచే' దగ్గర చూపు ఆనలేదు గానీ, పొలిమేరలు మాత్రం కళ్లద్దాల్లేకుండానే స్పష్టంగా కనిపించాయి. ఊరికి పొలిమేర ఎందుకో, దాని అవతల ఎవరుంటారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంతమంది బలహీనులను మోసిన సంఘానికి ఒక్క బలవంతుణ్ని మోయడం చేతకాలేదు. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మంది నల్లవాళ్లను కాల్చి చంపాక, ఈ సంఘం పాస్టరే అయిన బేయర్స్ నౌదే ఇది సువార్త కాదని గట్టిగా అన్నాడు. 1963లో ప్రసంగపీఠం దిగాల్సొచ్చింది, 1977 నుంచి ఏడేళ్లు ప్రభుత్వ నిషేధంలో ఉన్నాడు. తప్పు ఆయనదే. బలహీనంగా ఉండి ఉంటే ఆయనకూ ఒక భవనం కట్టించేవాళ్లు.

1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి అపార్తీడ్‌ను వాక్యంతో సమర్థించడం దుర్బోధ అని ప్రకటించి, వీళ్ల సభ్యత్వం సస్పెండ్ చేసింది. అదే ఏడాది మిశ్రమజాతి సంఘం బెల్హార్ విశ్వాస ప్రకటన రాసి, 1986లో ఆమోదించింది. దేవుడు అన్యాయానికి గురైనవారి పక్షాన నిలబడతాడని అందులో ఉంది. 1990లో రుస్టెన్‌బర్గ్ సభలో తెల్ల సంఘానికి చెందిన విల్లీ యోంకర్ అనే వేదాంతి అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే, నల్ల ఆర్చ్‌బిషప్ డెస్మండ్ టుటు అక్కడికక్కడే క్షమించాడు. క్షమాపణ విషయంలో నల్లవాళ్లు ఎప్పుడూ ఫాస్టే. 1994లో రెండు నల్ల సంఘాలు కలిసి ఒకటయ్యాయి. తెల్ల సంఘంతో విలీనం మాత్రం చర్చల్లోనే ఉంది. బెల్హార్‌ను ఒప్పుకోవడం కొందరికి ఇంకా కష్టంగా ఉందట. పాత జబ్బు, తొందరపెట్టకూడదు.

ఇదంతా చదివి మన తెలుగు సంఘాలు గర్వపడాలి. క్రీస్తులో యూదుడనీ గ్రీసుదేశస్థుడనీ లేదని ఆదివారం ఆమెన్ చెప్పి, సోమవారం పెళ్లి ప్రకటనలో 'క్రిస్టియన్ రెడ్డి', 'క్రిస్టియన్ కమ్మ' అని వేయించుకుంటాం. కొన్ని ఊళ్లలో సమాధుల తోటకూ వాడ వేరే. డచ్చివాళ్లు అమాయకులు, బలహీనతను మినిట్స్ పుస్తకంలో ఎక్కించి, సంవత్సరం వేసి మరీ సంతకాలు పెట్టి దొరికిపోయారు. మనవాళ్లు ఏ సినడ్‌లోనూ ఒక్క ముక్క రాయలేదు. రేపు ఎవరైనా వచ్చి ఆ తీర్మానం రద్దు చేయండి అంటే, ఏ తీర్మానం బ్రదర్ అని నిజాయితీగా అడగొచ్చు.