జిల్లేడు వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ జిల్లేడు వారికి,

పర్లాకిమిడి నుంచి తమ పాత భక్తుడు, ప్రస్తుతానికి ఎడమ కంటితో మాత్రమే లోకాన్ని చూస్తున్నవాడు, చేసుకొనే విన్నపం.

రథసప్తమికి ముందు రోజు మధ్యాహ్నమంతా తమ కోసం తిరిగాను. ఇంట్లో నలుగురం, పండుగ స్నానానికి తలా ఏడు చొప్పున 28 ఆకులు, మా అమ్మ మోకాళ్ళకు ఆముదం రాసి వెచ్చచేసి కట్టడానికి మరో రెండు. అక్కరలేని రోజుల్లో మా పెరటి గోడ పగులులో మొలిచి, "కొంపలో జిల్లేళ్ళు మొలిచాయి" అన్న తిట్టును మా ఇంటిపట్ల నిజం చేసిన తమరు, కావలసినరోజున మహేంద్రతనయ ఒడ్డున లేరు, కొత్త కాలువ తవ్విన చోట లేరు. చివరకు గుణుపురం పోయే రైలు కట్ట పక్కన, ఒళ్ళంతా దుమ్ము కొట్టుకొని కూడా రాజఠీవి వదలకుండా దర్శనమిచ్చారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు గీసిన గీతను తమరు ఏనాడూ ఖాతరు చేయలేదు. అటు ఆంధ్రలోని పాతపట్నం వైపు జిల్లేడు, ఇటు మా ఒడియా పొరుగువారి నోట అరఖ. ఎటు తుంచినా కారేవి ఆ పాలే.

ఆ పాల గురించే ఈ లేఖ.

పదకొండో ఆకు తుంచుతూ, నుదుటి చెమట కంట్లోకి దిగుతుంటే అదే చేత్తో కన్ను నులుముకున్నాను. కొద్దిగా చిమచిమలాడి ఊరుకుంది. నొప్పి లేదు, మంట లేదు. ఏమీ కాలేదనుకొని మిగిలిన ఆకులు కూడా లెక్కపెట్టి కోసుకొని ఇంటికి వచ్చాను. చీకటి పడేసరికి వీధి దీపం చుట్టూ రంగురంగుల వలయాలు కనిపించాయి. పండుగ ముందు మునిసిపాలిటీవారు కొత్త దీపాలు పెట్టారేమో అనుకున్న నా అమాయకత్వాన్ని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తెల్లవారేసరికి కుడికంటి ముందు పొగమంచు. మా పొరుగువారి బంధువులు కోణార్క్ దగ్గరి చంద్రభాగలో మాఘసప్తమి స్నానం చేస్తున్న వేళకు నేను కంటి ఆసుపత్రి బల్ల మీద, నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర వాచిందనీ, తమ పాలు దాని లోపలి వరుస కణాలను దెబ్బతీస్తాయనీ, తగిలిన వెంటనే మంచినీళ్ళతో చాలాసేపు కడిగి ఉండవలసిందనీ వైద్యుడు చెప్పాడు.

వెంటనే కడగడానికి, తగిలినట్టు నాకు తెలియాలి కదండీ! చర్మం మీద పడితే బొబ్బలెక్కించే తమకు, కంటి దగ్గర ఎక్కడలేని మర్యాద ఎందుకు వచ్చింది? మండించి ఉంటే అరిచేవాణ్ణి, రైలు కట్ట దిగి బోరింగు దగ్గరకు పరుగెత్తేవాణ్ణి. చప్పుడు చేయకుండా చూపు ఎత్తుకుపోవడం దొంగ పని. నువ్వు దొంగవి. అర్కమంటే సూర్యుడు, ఆయన పేరు పెట్టుకొని, కంటిజబ్బు పోవాలని అరసవల్లికి మొక్కుకొనే జనం మధ్య బతుకుతూ, సరిగ్గా ఆయన పండుగ ముందు నా కన్నే దొరికిందా నీకు?

నీ వకాల్తాదారుల సంగతి వేరే చెప్పాలి. ముల్లు విరిగితే జిల్లేడు పాలు, పన్ను సలిపితే జిల్లేడు పాలు, దగ్గుకు ఎండబెట్టిన పూలూ మిరియాలూ. ఆయుర్వేదం నిన్ను ఉపవిషాలలో చేర్చిందన్న ముక్క మాత్రం ఆ నోళ్ళకు రాదు. నా కన్ను చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయనైతే దానికీ నీ వేరుతోనే ఏదో చెయ్యవచ్చన్నాడు. కాఫీ ఇవ్వకుండా పంపాను. ఇక మూడో పెళ్ళి అచ్చిరాదని వరుడిచేత ముందు నీకు తాళి కట్టించే ఆచారం ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది. నిన్ను కట్టుకున్నవాడికి ఆ తర్వాత పీటల మీద ఎవరిని కూర్చోబెట్టినా ఒకటే.

చుక్కల మందు వేసుకుంటున్నాను. పొగమంచు పలచబడుతోంది. నిన్న అటుగా నడుస్తూ, ఎడమ కంటితోనే, నీ ఊదారంగు పూల కిరీటాల మీద నల్ల తుమ్మెద ఒకటి ఝుమ్మంటూ వాలడం చూశాను. కాసేపు నిలబడ్డాను, దూరంగానే.

అమ్మ ఆ రాత్రి నా గొడవ పట్టనట్టు రెండు ఆకులు మోకాళ్ళకు కట్టుకొని హాయిగా నిద్రపోయింది. ఆకు గుణమో, ఆముదం వెచ్చదనమో, నన్నడగవద్దు. ఇప్పుడు మరో నాలుగు కావాలంటోంది. ఆదివారం వస్తాను. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కొని, కళ్ళజోడు పెట్టుకొని, రెండు సీసాల నీళ్ళు వెంట తెచ్చుకొని వస్తాను. కట్ట పక్కనే ఉండు. నిన్ను అడిగానని చెప్పమంది అమ్మ.

ఇట్లు,
28 ఆకులూ కోసి, ఒక్కటీ నెత్తిన పెట్టుకోలేకపోయినవాడు