సరస్సుల ఒడ్డున లైట్‌హౌస్‌లు దండగ అంటున్న మెసేజ్‌కు నా జవాబు

ఒక పాత ఎర్ర లైట్‌హౌస్ ఫొటో, దాని కింద ఓ పొడుగాటి మెసేజ్. కొన్నాళ్లుగా ఇది చాలామంది షేర్ చేస్తున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "లైట్‌హౌస్ సముద్రానికి కావాలి గానీ సరస్సుకెందుకు? రంగులు వేసి అందం కోసం కట్టుకున్నారు. కీపర్లు (లైట్‌హౌస్ చూసుకునే ఉద్యోగులు) దీపం వెలిగించి పడుకునేవాళ్లు. పాదరసం ఆవిరికి వాళ్లకు పిచ్చెక్కుతుంటే ఉద్యోగాలే తీసేశారు. జీపీఎస్ వచ్చాక అన్నీ ఆగిపోయాయి. మిగిలినవాటి ఖర్చంతా జనం నెత్తినే. వాటిని కూల్చేసి, కావాలంటే ఓ ఇనప స్తంభానికి ఎల్‌ఈడీ తగిలిస్తే చాలు."

లైట్‌హౌస్‌ల గురించి చాలా ఏళ్లుగా చదువుతున్నాను. ఈ మెసేజ్ చదివి బాధ కలిగింది. ఇందులో నిజాలు అసలే లేవని అనను. ఉన్నవి ఉన్నాయని ఒప్పుకుంటూనే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"సరస్సుకు లైట్‌హౌస్ ఎందుకు?"

సరస్సు అనగానే ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనిపిస్తుందని అనుకోవడం వల్ల వచ్చిన ప్రశ్న ఇది. అమెరికా, కెనడాల మధ్య ఉన్న లేక్ సుపీరియర్ పొడవు సుమారు 560 కిలోమీటర్లు, వెడల్పు 250 కిలోమీటర్ల పైమాటే. లోతు కొన్నిచోట్ల 400 మీటర్లు దాటుతుంది. దాని మీద వందల అడుగుల పొడవున్న ఓడలు ఇనుప ఖనిజం మోస్తాయి.

ఒక రకంగా పెద్ద సరస్సు నావికుడికి సముద్రం కన్నా కష్టం. నడి సముద్రంలో తుఫాను వస్తే గాలి ఎటు తోస్తే అటు కొంతసేపు పోనివ్వొచ్చు, చుట్టూ నీళ్లే కదా. సరస్సులో ఆ చోటు ఉండదు. ఎటు కొట్టుకుపోయినా కొన్ని గంటల్లో ఏదో ఒక రాతి ఒడ్డు తగులుతుంది. అలలు కూడా పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వెంటవెంటనే వస్తాయి. ఓడ ఒక అల నుంచి తేరుకునేలోపే ఇంకోటి మీద పడుతుంది.

లేక్ సుపీరియర్‌తో కలిపి అక్కడున్న ఐదు పెద్ద సరస్సులను గ్రేట్ లేక్స్ అంటారు. 1913 నవంబర్ 7 నుంచి 10 దాకా వాటి మీద విరుచుకుపడ్డ తుఫానులో 12 ఓడలు మునిగాయి, 250 మందికి పైగా చనిపోయారు. అంతకు ముందు 1905 నవంబర్ 28న వచ్చిన తుఫానును మటాఫా అనే ఓడ పేరుతోనే పిలుస్తారు. ఆ ఓడ లేక్ సుపీరియర్ ఒడ్డునున్న డులూత్ హార్బర్ ముఖద్వారం దగ్గరికి వచ్చి, లోపలికి దూరలేక, కాంక్రీటు గోడకు కొట్టుకుని విరిగింది. ఒడ్డు అక్కడికి కొన్ని వందల అడుగులే. జనం వేల సంఖ్యలో నిలబడి చూస్తున్నారు. ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఓడ వెనక భాగంలో చిక్కుకున్న 9 మంది తెల్లారేసరికి చలికి గడ్డకట్టి పోయారు. హార్బర్‌కు లైట్ ఎందుకని అడిగేవాళ్లు ఈ ఒక్క సంఘటన గుర్తుంచుకుంటే చాలు. ఓడ ప్రయాణమంతటిలో అతి ప్రమాదకరమైన చోటు తరచుగా ఆ ఇరుకు ద్వారమే.

ఆ తుఫాను దెబ్బ తర్వాతే అదే సరస్సు ఒడ్డున స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ కట్టాలన్న పట్టుదల పెరిగింది. 1910లో అది వెలిగింది. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది: ఆ తీరంలోని ఇనుప ఖనిజం వల్ల దిక్సూచి ముల్లు తప్పు చూపించేది. దిక్సూచిని నమ్మలేని చోట, కంటికి కనిపించే దీపం కావాలి. అందం కోసం కట్టారన్న మాటకు కూడా ఇదే జవాబు.

"ఆ రంగులు షో కోసం"

పగలు దీపం పెద్దగా కనిపించదు. అప్పుడు కట్టడం రంగే గుర్తు. ఈ టవర్ ఫలానాది అని చూడగానే తెలియాలి, మ్యాపులో ఆ వివరం రాసి ఉంటుంది. మిషిగన్‌లోని హాలండ్ హార్బర్ లైట్‌ను 1956లో ఎర్ర రంగులోకి మార్చారు. హార్బర్‌లోకి వచ్చే ఓడకు కుడివైపు ఉన్నది ఎర్రగా ఉండాలన్నది అక్కడి కోస్ట్ గార్డ్ నియమం. అమెరికా ఖండాల్లో, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్‌లో ఇదే పద్ధతి. ప్రపంచంలో మిగతాచోట్ల దీనికి తిరగేసి, ఎడమవైపు ఎరుపు. ఆ ఎర్ర టవర్‌కు ఇప్పుడు "బిగ్ రెడ్" అనే ముద్దు పేరుంది, టూరిస్టులు ఫొటోలు దిగుతారు. రంగు వేసింది మాత్రం టూరిస్టుల కోసం కాదు.

"కీపర్లు దీపం వెలిగించి పడుకునేవాళ్లు"

మెసేజ్‌లో నన్ను ఎక్కువ కష్టపెట్టిన వాక్యం ఇదే.

లేక్ మిషిగన్ ఒడ్డున మిషిగన్ సిటీలో హ్యారియెట్ కోల్‌ఫాక్స్ అనే ఆవిడ 1861 నుంచి 1904 దాకా, అంటే 43 ఏళ్లు కీపర్‌గా పనిచేశారు. దిగేనాటికి ఆమెకు 80 ఏళ్లు. ఒడ్డు మీది లైట్‌తో పాటు, నీళ్లలోకి పొడుచుకెళ్లిన కట్ట చివర ఉన్న ఇంకో దీపం కూడా చాలా ఏళ్లు ఆమె బాధ్యతే. అప్పట్లో దీపానికి వాడింది పంది కొవ్వు నూనె. చలికాలంలో అది గడ్డకట్టేది. ఇంట్లో పొయ్యి మీద వేడిచేసి, పాత్ర పట్టుకుని, అలలు ఎగిసి మీద పడుతున్న ఆ కట్ట మీదుగా నడిచి వెళ్లాలి. కొన్ని రాత్రులు అక్కడికి చేరేలోపే నూనె మళ్లీ గడ్డకట్టేది. వెనక్కి వచ్చి మళ్లీ వేడిచేసుకుని వెళ్లడమే. నడి వయసు దాటిన మనిషి గాలివానలో చేసిన పని ఇది.

అమెరికా తూర్పు తీరంలోని న్యూపోర్ట్ హార్బర్‌లో లైమ్ రాక్ లైట్ చూసుకున్న ఐడా లూయిస్ కథ కూడా ఇలాంటిదే. ఉద్యోగం తండ్రిది. ఆయనకు పక్షవాతం రావడంతో పని కుటుంబం మీద పడింది. ఐడా చిన్నప్పటి నుంచే ఆ భారం మోసింది, అధికారికంగా కీపర్ అయింది 1879లో. నీళ్లలో పడ్డవాళ్లను పడవ వేసుకెళ్లి లాక్కొచ్చేది. లెక్కలోకి ఎక్కినవే 18 ప్రాణాలు. 1881లో ప్రాణరక్షణకు ఇచ్చే బంగారు పతకం ఆమెకు ఇచ్చారు. లేక్ ఈరీ ఒడ్డున మార్బుల్‌హెడ్ లైట్‌హౌస్ తొలి కీపర్ 1832లో కలరాతో చనిపోతే, భార్య రేచల్ వోల్కాట్ ఆ పని అందుకుంది. గ్రేట్ లేక్స్‌లో తొలి మహిళా కీపర్ ఆమే.

వీళ్లకు రోజూ ఉండే పని వేరే: వత్తులు కత్తిరించడం, నూనె మోయడం, మసి పట్టిన అద్దాలు తుడవడం, లెన్స్ తిప్పే యంత్రం ఉన్నచోట గడియారానికి కీ ఇచ్చినట్టు బరువులు పైకెత్తడం. కొన్నిచోట్ల ఆ బరువులు ప్రతి రెండు, మూడు గంటలకూ ఎత్తాలి. పడుకునే వీలెక్కడ?

"పాదరసం వల్ల పిచ్చెక్కితే తీసేశారు"

పాదరసం వాడిన మాట నిజం. టన్నుల బరువున్న తిరిగే లెన్స్‌ను పాదరసపు తొట్టిలో తేలేలా పెడితే వేలితో నెట్టినా తిరుగుతుంది. పాదరసం ఆవిరి విషం అన్నదీ నిజమే, అక్కడ పనిచేసినవాళ్లకు ఆ ముప్పు ఉండేది. కానీ ఈ ఏర్పాటు వచ్చింది 1890ల నుంచి, అదీ పెద్ద తిరుగుడు లెన్స్‌లకు. హార్బర్లలో చాలావరకు ఉన్నవి కదలకుండా ఉండే చిన్న లెన్స్‌లు. వాటికి పాదరసంతో పనే లేదు.

కీపర్లు వెళ్లిపోవడానికి కారణం ఆటోమేషన్. స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ డాలెన్ ఒక సన్ వాల్వ్ తయారుచేశాడు. ఎండ పడితే గ్యాస్ ఆగిపోతుంది, చీకటి పడితే దానంతట అదే తెరుచుకుంటుంది. లైట్‌హౌస్‌ల, బోయాల (నీటి మీద తేలే గుర్తుల) దీపాల కోసం చేసిన ఈ ఆవిష్కరణలకే 1912లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అదే ఏడాది ప్రయోగంలో పేలుడు జరిగి ఆయన చూపు పోయింది. తర్వాత కరెంటు వచ్చింది, టైమర్లు వచ్చాయి. మనిషి అక్కడే ఉండాల్సిన అవసరం తగ్గింది. ఇందులో పిచ్చి కథకు చోటు లేదు.

"జీపీఎస్ వచ్చాక అన్నీ ఆగిపోయాయి"

చాలా ఆగిపోయాయి, ఒప్పుకుంటాను. స్ప్లిట్ రాక్ 1969లోనే ఆగిపోయింది, అంటే ఓడల్లోకి జీపీఎస్ రాక చాలా ముందే. ఈ రోజు పెద్ద ఓడ కెప్టెన్ మొదట చూసేది ఎలక్ట్రానిక్ చార్టునే, అందులో తప్పేమీ లేదు. "అన్నీ" అన్న మాట మాత్రం తప్పు. మార్బుల్‌హెడ్ 1822లో వెలిగింది, ఇప్పటికీ వెలుగుతోంది.

ఎలక్ట్రానిక్స్ మీద పూర్తి భరోసా పెట్టుకుంటే ఏమవుతుందో ఇదే లేక్ సుపీరియర్ 1975 నవంబర్ 10న చూపించింది. ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఖనిజపు ఓడ తుఫానులో రెండు రాడార్లూ కోల్పోయింది. అదే సరస్సు ఒడ్డునున్న వైట్‌ఫిష్ పాయింట్‌లోని రేడియో బీకన్ (ఓడలకు దిక్కు తెలిపే సిగ్నల్ పంపే పరికరం) కూడా పనిచేయడం లేదు. దారి కోసం వెనక వస్తున్న ఆర్థర్ ఆండర్సన్ ఓడ రాడార్ సాయం అడగాల్సి వచ్చింది. వైట్‌ఫిష్ పాయింట్‌లో లైట్, బీకన్ ఉన్నాయా అని కెప్టెన్ రేడియోలో వాకబు చేశాడు. ఆ రాత్రి ఓడ మునిగింది, 29 మందిలో ఒక్కరూ బతకలేదు. లైట్ ఉంటే బతికేవాళ్లని నేను అనను, అలలను ఏ దీపమూ ఆపదు. కానీ ఉన్న పరికరాలన్నీ చేతులెత్తేసిన వేళ ఆ కెప్టెన్ దేని కోసం అడిగాడో చూడండి.

ఇది పాత కాలం సంగతి అనుకోవద్దు. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో సుమారు 20 ఓడల జీపీఎస్‌లు, ఓడ నీళ్ల మీద ఉండగానే, నేల మీద ఎక్కడో ఉన్న విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం, దాన్ని చెడగొట్టడం, నకిలీది పంపడం సాధ్యమే. కంటితో, చెవితో ఎప్పుడూ కాపలా ఉండాలని అంతర్జాతీయ నౌకాయాన నియమాల్లో 5వ నియమం ఇప్పటికీ చెబుతోంది.

హార్బర్లలో జంట దీపాల సంగతి ఎక్కువమందికి తెలియదు. ముందు పొట్టి టవర్, వెనక పొడుగు టవర్. రెండు దీపాలూ ఒకదాని మీద ఒకటి నిలువుగా కనిపిస్తే ఓడ సరిగ్గా లోతైన దారి మధ్యలో ఉన్నట్టు. పై దీపం కిందిదానికి కుడివైపు కనిపిస్తే ఓడ కుడికి జరిగిందన్నమాట, ఎడమకు తిప్పాలి. స్క్రీన్ చూడక్కర్లేదు, లెక్క వేయక్కర్లేదు. లేక్ మిషిగన్‌లో బెయిలీస్ హార్బర్‌లో 1869లో కట్టింది ఇలాంటి జంటనే. కొత్త హార్బర్లలోనూ ఇదే సూత్రం వాడుతున్నారు.

"కూల్చేసి స్తంభానికి ఎల్‌ఈడీ పెట్టండి"

ఎల్‌ఈడీతో నాకు పేచీ లేదు, చాలా పాత టవర్లలో ఇప్పుడు ఉన్నది అదే. సమస్య ఎత్తుతో వస్తుంది. భూమి గుండ్రం కాబట్టి దీపం ఎంత ఎత్తున ఉంటే అంత దూరం కనిపిస్తుంది. 4 మీటర్ల స్తంభం మీది దీపం నీటి మట్టం దగ్గరున్న కంటికి దాదాపు 7.7 కిలోమీటర్ల దాకా కనిపిస్తుంది. 25 మీటర్ల ఎత్తున పెడితే 19 కిలోమీటర్లు దాటుతుంది. బల్బు ఎంత బలంగా ఉన్నా ఈ హద్దు మారదు. ఎత్తైన స్తంభం కొత్తగా కట్టొచ్చు, నిజమే. కానీ గట్టి పునాది మీద సరైన చోట నిలబడి ఉన్న టవర్ ఇప్పటికే ఉంటే, దాన్ని కూల్చి ఇంకోటి కట్టడం దేనికి?

ఖర్చంతా జనం నెత్తిన పడుతుందని మెసేజ్ భయపెడుతోంది. అమెరికాలో 2000లో వచ్చిన చారిత్రక లైట్‌హౌస్‌ల రక్షణ చట్టం ప్రకారం, ప్రభుత్వం తనకు అక్కర్లేని టవర్లను స్థానిక సంస్థలకు, స్వచ్ఛంద సంఘాలకు ఉచితంగా ఇస్తుంది. ఎవరూ ముందుకు రాకపోతే వేలం వేస్తుంది. ఇలా 150కి పైగా చేతులు మారాయి. దీపం ఇంకా పనిలో ఉన్నచోట దాన్ని కోస్ట్ గార్డే చూసుకుంటుంది, గోడలు, కప్పు, మెట్లు కొత్త యజమాని చూసుకుంటారు. కెనడా కూడా 2008లో ఇలాంటి చట్టమే చేసింది.

ఆగిపోయిన స్ప్లిట్ రాక్‌ను మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ చూసుకుంటోంది. ప్రతి నవంబర్ 10న అక్కడ ఫిట్జ్‌జెరాల్డ్‌లో పోయిన 29 మంది పేర్లు చదివి, ఒక్కో పేరుకూ గంట కొట్టి, చీకటి పడ్డాక ఆ పాత లెన్స్‌ను మళ్లీ వెలిగిస్తారు.